అవ్వ పువ్వుకు ఎన్ని రేకులు

నేను ఏదైనా పెంచి చెప్తానని మా ఇంట్లోనూ, మా వీధిలోనూ, మార్కాపురం బస్టాండులో సోడాలమ్మే ఆయన దగ్గరా కూడా పేరుంది. ఇంటికి నలుగురు చుట్టాలొస్తే పెళ్ళివారు దిగారంటాను. కూరలో ఉప్పు ఎక్కువైతే సముద్రం నల్లమల ఎక్కి దిగి మా పొయ్యి మీదికొచ్చిందంటాను. నేను చెప్పిన ఏ అంకెనైనా మా ఆయన నాలుగుతో భాగించి, మిగిలినదాంట్లో సగమే నమ్ముతాడు. అలాంటి నేను నా జన్మలో ఒకే ఒక్కసారి ఒక అంకెను తగ్గించాను. ఎనిమిది ఉండాల్సిన చోట ఏడు చేశాను. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే పోదును కూడా. పోయిన నెల ఫోను నా గొంతు పట్టుకుంది.

లేసు అల్లే ఆడవాళ్ళం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మార్కాపురం, గిద్దలూరు, కంభం, రాచర్ల, అన్నీ కలిపి ముప్పై ఒక్కమందిమి. బయట మూడు వందలని చెప్తుంటాను. అమ్మేది లేదు, కొనేది లేదు. ఒకరు దిండు గలీబుకు అంచు అల్లి ఫొటో పెడితే మిగతా ముప్పైమందీ పూలూ దండాలూ కుమ్మరిస్తాం. అంతే మా వ్యాపారం.

గ్రూపులో గిద్దలూరు ఆస్పత్రిలో నర్సుగా చేసే పిల్ల ఒకతి ఉంది. చురుకైనది. వాళ్ళ మేనత్త ఊరి చర్చిలో ప్రభు బల్ల మీద పరిచే పాత లేసు గుడ్డను ఫొటో తీసి పెట్టింది. గుడ్డ నిండా పూలు. కింద ఇలా రాసింది. అన్ని పూలకూ ఎనిమిది రేకులున్నాయి, ఎడమ మూలన ఒక్కదానికే ఏడు. పూర్వం ఆ ఊళ్ళో లేసు నేర్పిన గొప్ప అవ్వ ఉండేదట, ఇది ఆమె చేతిదట. ఏడు రేకుల్ని ఇంత గుండ్రంగా కుదర్చడం మామూలు విషయం కాదు, ఏదో అర్థం పెట్టుకునే అల్లి ఉంటుంది, అందరం నేర్చుకుందామా అని.

సాయంత్రానికి పదకొండుమంది నేర్చేసుకున్నారు. మర్నాటికి దానికి పేరు కూడా పెట్టారు. అవ్వ పువ్వు.

ఆ ఊరు మా ఊరు. ఆ పువ్వు నాది. అప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి కళ్ళ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు.

మా పల్లె పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఉంటుంది. వాన పడితే సజ్జ, కంది. పడకపోతే పడలేదని చెప్పుకోవడం. ఊరంతటికీ ఒక్క బోరింగు. దాని పిడి పట్టుకుని ఊగితే ముందు మూలుగు, తర్వాత ఎర్రటి నీళ్ళు, ఆ తర్వాత ఎప్పుడో మంచినీళ్ళు వచ్చేవి. ఇంటి గోడ ఎరుపు, మేక ఎరుపు, చర్చి పాస్టరు అయ్యగారి తెల్లచొక్కా కూడా ప్రసంగం ముగిసేసరికి ఎరుపు. అలాంటి ఊళ్ళో మా ఆడవాళ్ళు పాలనురుగులాంటి తెల్ల దారంతో లేసు అల్లేవాళ్ళు. దేవుడు చూసి నవ్వుకుని ఉంటాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మగవాళ్ళు టీ అంగడికి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు ఇళ్ళకు పోయి, తిని, మళ్ళీ చర్చి వరండాలోకి చాపలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. కొప్పులో కొక్కెం సూది, చేతిలో చెంబుడు నీళ్ళు, కొంగుకు కట్టిన సబ్బుముక్క. ఆరు రోజులు కలుపులు తీసి పగిలిన చేతులకు దారం పట్టుకుంటుందని శనివారం సాయంత్రమే ఆముదం పట్టించి, పొద్దున సీకాయతో తోముకునేవాళ్ళు. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం వాసనా సీకాయ వాసనా కలిసి వస్తే నాకు అది ఆదివారమే.

వరండా మెట్టు మీద అవ్వ కూర్చునేది. ఆమె అసలు పేరు రేషన్ కార్డుకు మాత్రమే తెలుసు. ఊరంతటికీ అవ్వ. చిన్నప్పుడు మిషను హాస్టల్లో దొరసాని దగ్గర లేసు నేర్చుకుని, పెళ్ళయి మా ఊరికొచ్చి, ఊరికంతా నేర్పింది. ఆమె సూది బొటనవేలు ఆనేచోట అరిగి గుంటపడి ఉండేది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీ నుంచి ఎవరో తెచ్చిన పగుళ్ళ పలకలే మా పుస్తకాలు. వాటి మీద చుక్కలు, గీతలు. ఒక్కో పలక ఒక్కో పువ్వు. లెక్క తప్పితే అవ్వ పలక మీద వేలితో కొట్టేది. ఆ చప్పుడు యర్రగొండపాలెం దాకా వినిపించేదంటే నమ్మండి. నమ్మకపోతే నాలుగుతో భాగించుకోండి.

మెట్టెక్కాలంటే ముందు చేతులు చూపించాలి. చూడ్డం కాదు, అవ్వ వాసన చూసేది. ఆదివారం కదా, ఊరంతా మాంసం కూర. మా చిన్నమ్మ చేతులు వాసన చూసి ఒకసారి అడిగింది.

"ఏందే, పొట్టేలును మొత్తం నువ్వొక్కదానివే తింటివా?"

"కొమ్ములు మిగిలిచ్చినాలే అవ్వా," అంది చిన్నమ్మ. ఆమె నోటికి తాళం లేదు. మళ్ళీ కడుక్కోవడానికి పోతూ కూడా మాట్లాడుతూనే ఉంది. అక్కడ చేతులు కడగడానికి అయ్యే నీళ్ళకు కంభం చెరువు రెండుసార్లు ఎండిపోవాలి.

ఆదివారం పని చేయొచ్చా అని ఒకసారి అయ్యగారికి అనుమానం వచ్చింది. దేవుని బల్లకు గుడ్డ అల్లేది పని ఎట్లవుతుంది, పాట పాడడం పనా అని అవ్వ అడిగింది. అయ్యగారు గొంతు బాగోని మనిషి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడు మొదలుపెట్టింది ప్రభు బల్ల గుడ్డ. నూటరవై పూలు. ఒక్కొక్కరు వారానికి ఒకటో రెండో ఇంటి దగ్గర అల్లి తెస్తే, అవ్వ వేళ్ళతో తడిమి, బాగుంటే సంచిలో వేసేది, బాగోకపోతే అల్లినవాళ్ళ ఒళ్ళో పడేసేది. పదకొండేళ్ళ నేను కూడా చాప మీద మనిషినే. నాకు సూది పట్టడం అమ్మ నేర్పలేదు, అవ్వే వెనక కూర్చుని, నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నేర్పింది. అందువల్ల నా అల్లిక బిగువు అచ్చం ఆమె బిగువే. లేసు అల్లేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. చేతిరాత లాగా ఎవరి బిగువు వాళ్ళది. అమ్మది వదులు, చిన్నమ్మది కోపమొచ్చిన రోజు ఒకలా, రాని రోజు ఒకలా.

వానలు పోయినాక అవ్వ పూలు మారాయి. కుట్టుకూ కుట్టుకూ మధ్య సందులు. గొలుసులు జారి వేలాడేవి. ఒక పువ్వును చూసి చిన్నమ్మ, ఎలక కొరికి మళ్ళా కనికరించి వదిలిపెట్టినట్టుందని గుసగుసగా అంది. అవ్వ కళ్ళలో అప్పటికే మజ్జిగ కలిపినట్టు తెల్లటి మసక. కంటికి కత్తి పెట్టించుకోనని ఒట్టేసుకుంది. తను అల్లినదాన్ని మళ్ళీ తడిమి చూసుకునే అలవాటు లేదు కాబట్టి తన పూలు పాడవుతున్నాయని ఆమెకు తెలీదు. చెప్పే ధైర్యం పదిమంది ఆడవాళ్ళలో ఒక్కరికీ లేదు. పొలంలో పాము కనిపిస్తే తోక పట్టుకుని విసిరేసేవాళ్ళే అందరూ.

ఉపాయం అమ్మ చెప్పింది. అవ్వ ఇచ్చిన పూలు విప్పేసి, అదే దారంతో మళ్ళీ అల్లి, వచ్చే ఆదివారానికి సంచిలో పెట్టేద్దామంది. కానీ అమ్మ అల్లితే అవ్వ వేలికి తెలిసిపోతుంది, చిన్నమ్మ అల్లినా తెలిసిపోతుంది. అందరూ నా వైపు తిరిగారు.

అలా నేను అవ్వ చేతినయ్యాను. బడి నుంచి రాగానే ఉడకబెట్టిన చెనక్కాయలు నాలుగు నోట్లో వేసుకుని, చేతులు కడుక్కుని, అవ్వ పూలు ముందు పెట్టుకుని కొస లాగేదాన్ని. పువ్వు గిర్రుగిర్రున కరిగిపోయి ఒళ్ళో ముడతలు ముడతల దారం కుప్పగా పడేది. దాన్నే మళ్ళీ పువ్వు చేసేదాన్ని. ఆదివారం అమ్మ వాటిని చేతిలో పెడితే అవ్వ తడిమి, నా చెయ్యి ఇంకా పోలేదు చూడండే అని నవ్వేది. ఆమెకు పైన రెండు పళ్ళే. ఆ రెండూ మెరిసేవి.

అక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథలో మంచిదాన్ని.

మార్కాపురం నుంచి దారాలు, రవికె గుడ్డలు మూట కట్టుకుని వచ్చే ముస్లిం పెద్దావిడ ఒకామె, పిల్లలకు ఖాలా, అంటే పిన్ని, నెలకోసారి మాతోపాటు కూర్చుని అల్లేది. ఒకరోజు సంచిలోంచి ఒక పువ్వు తీసి వెలుగుకు పట్టి చూసి అంది. "ఇది ఎవరి పని? మా దగ్గర మిషను గూడా ఇంత నున్నగా కుట్టదు."

"అవ్వది," అన్నారు అందరూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా.

"ఈ వయసులోనా? మాషాల్లా." అని అవ్వ చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత నాదని చెప్పిన పువ్వు తీసుకుని, పిల్లది ఇంకా నేర్చుకోవాల అంది. అవ్వ పూలకు ఒళ్ళంతా పెట్టేసి, నావి హడావుడిగా గిలికేదాన్ని మరి.

నాకు కడుపులో మంట లేచింది. ఆ మంటతో ఊరంతా వంట చేసుకోవచ్చు. ఆ మెప్పు నాది. నా ఎదురుగానే తీసుకుపోయి ఇంకొకరికి ఇచ్చారు, పోనీ అరవడానికి లేదు. అందుకని ఆ వారం అవ్వ పూలలో ఒకదానికి ఒక రేకు ఎగ్గొట్టాను. మిగతా ఏడింటినీ కొంచెం వెడల్పు చేసి గుండ్రంగా కుదిర్చాను. చాలా కష్టం. నర్సు పిల్ల రాసింది అక్షరాలా నిజం. ఎవరికీ తెలియకుండా ఆ గుడ్డలో నా సంతకం ఉండాలి, పెద్దయ్యాక దాన్ని చూసి నేనొక్కదాన్నే నవ్వుకోవాలి. అంతే నా ఆలోచన. ఆదివారం దాన్ని అవ్వ వేళ్ళకు తగలనీయకుండా నేరుగా సంచిలో వేశాను. కళ్ళున్న పదిమందీ ఆ పువ్వును చేతిలో పట్టుకుని, చూసి, గుడ్డకు కలిపి అల్లేశారు. ఒక్కరికీ ఆనలేదు.

క్రిస్మసుకు ముందు ఆదివారం గుడ్డ పూర్తయింది. బెల్లం పాకంలో బొరుగులు కలిపి ఉండలు చేసుకుని తెచ్చారు. ఎవరూ ముట్టుకోలేదు, ముందు అవ్వ గుడ్డ చూడాలి. చాప మీద పరిచారు. అవ్వ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, కుడి మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో పువ్వునూ బొటనవేలితో తడుముతూ పోయింది. ఇది మీ అమ్మది, ఇది నీది, అది మీ చిన్నమ్మకు కోపమొచ్చిన రోజుది అని నాతో అంటూ పోతుంటే అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను. ఎడమ మూలకొచ్చేసరికి వేలు ఆగింది.

ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది. మూడోసారి చాలా నిదానంగా తిరిగింది.

"ఇది ఎవురిదే?"

అమ్మ వంగి చూసి, రేకులు లెక్కపెట్టి, మెల్లగా నా వైపు చూసింది. నేను బొరుగుల ఉండల వైపు చూశాను.

"ఈ బిగువు నాది," అంది అవ్వ తనలో తాను అనుకుంటున్నట్టు. "బిడ్డది ఇంత నున్నగా రాదు. నేనల్లిందే ఇది."

చిన్నమ్మే ముందు తేరుకుంది. "అయితే ఏమాయె అవ్వా. నూటరవైలో ఒకటి. నువ్వు మొన్న కొసరుగా ఇచ్చిన పువ్వు ఉండనే ఉండె. తీసి అది పెడదాం."

"వద్దు." అవ్వ చెయ్యి ఇంకా ఆ పువ్వు మీదే ఉంది. "కండ్లు మసకబారినా చేతి ఏళ్ళకు తెలుస్తాదిలే అనుకుంటి. ఏళ్ళు గూడా పోయినయి. ఎనిమిదికి ఏడు అల్లినానంటే ఇంగ నేను సూది పట్టకూడదు."

అమ్మ నోరు తెరిచి, మూసుకుంది. పదిమందీ అంతే. నిజం చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. నీ పూలన్నీ విప్పేశామవ్వా అని ఎవరు చెప్తారు? అందరి నోళ్ళూ మంచితనంతోనే కుట్టేసుకుని ఉన్నాయి. నా నోరు ఒక్కటే వేరే దారంతో.

"తీసెయ్యాకండి దాన్ని," అంది అవ్వ. "మనుషుల కాడ దాస్తాం సరే. దేవుని కాడ దాచేదేముంది? నా తప్పు అట్లనే ఉండనీండి."

తర్వాత కొప్పులోంచి సూది తీసి, నన్ను దగ్గరికి పిలిచి, చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "నీ చెయ్యీ నా చెయ్యీ ఒకటేనే బిడ్డా. నువ్వు పెట్టుకో."

ఆ సూది బరువు ఎంతని చెప్పను. నేను ఎంత పెంచి చెప్పినా తక్కువే.

ఇంటికి పోయాక అమ్మ ఒక్కటే అడిగింది, తప్పు పడిందా, కావాలనే చేసినావా అని. తప్పు పడింది అన్నాను. అమ్మ చాలాసేపు చూసి, సరే ఎవరికీ చెప్పాకు, చెప్తే విప్పిన సంగతి గూడా చెప్పాల్సొస్తుందని పొయ్యి దగ్గరికి పోయింది. నమ్మిందో లేదో తెలీదు. ఇప్పుడు అడగడానికి అమ్మ లేదు.

అవ్వ మళ్ళీ సూది పట్టలేదు. ఆదివారం వరండాకు వచ్చేది, మెట్టు మీద కూర్చునేది, చేతులు వాసన చూసేది. తర్వాత ఆమె చేతులకు పని లేదు. ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ ఉండేది. ఏం లెక్కపెడుతుందో చూడకూడదని నేను దూరంగా చాప చివరన కూర్చునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ధైర్యం తెచ్చుకుని, చెనక్కాయలు ఒడి నిండా పోసుకుని ఆమె మంచం దగ్గరికి పోయాను. "అవ్వా, ఆ పువ్వు..." అన్నాను.

"దాని మాట ఎత్తాకు బిడ్డా," అంది.

నేను ఎత్తలేదు. అక్కడ నాకు ఏమనిపించిందో కూడా రాస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను కనుక. హమ్మయ్య అనిపించింది. చెనక్కాయలు వొలిచి ఆమెకు సగం పెట్టి, నేను సగం తిన్నాను. తర్వాత ఇన్నేళ్ళూ, చెప్పబోతే అవ్వే వద్దంది కదా అన్న మాట మీద బతికాను. అవ్వ తన వేళ్ళు తనను మోసం చేశాయనుకునే పోయింది. ఆమె శవపెట్టెలో దిండు మీద నేను అల్లిన అంచు ఉంది.

గ్రూపులో ఏడు రేకుల పూలు కుప్పలుగా పడుతున్నాయి. సోఫా మీద ఏడు, టీవీ మీద ఏడు, ఒకావిడ మనవరాలి గౌను నిండా ఏడు. ప్రతి ఫొటో కిందా అవ్వకు దండాలు. చెయ్యని తప్పును తనదని ఒప్పుకున్న మనిషిని ఆ తప్పుకే మెచ్చుకుంటున్నారు. పదహారుసార్లు మెసేజీ టైపు చేసి చెరిపేశాను. ఈ పదహారు పదహారే. ఆఖరుకు, డిజైను నేర్పుతాను, ఆదివారం మా ఊరి చర్చికి రండి అని పెట్టాను.

రెండు ఆటోల్లో తొమ్మిదిమంది వచ్చారు. వరండాకు ఇప్పుడు టైల్స్ వేశారు, పక్కనే కుళాయి ఉంది, తిప్పితే నీళ్ళొస్తాయి. అయ్యగారి భార్య గుడ్డ తెచ్చి పరిచింది. గుప్పున కలరా ఉండల వాసన. దారం వెన్న రంగుకు తిరిగింది. నేను ఎడమ మూల ముందు కూర్చుని, ఏ మాటా పెంచకుండా మొత్తం చెప్పాను. నాకు అలవాటు లేని పని కదా, చాలాచోట్ల ఆగాల్సి వచ్చింది.

రాచర్ల నుంచి వచ్చినావిడ తన ఒళ్ళో సగమైన ఏడు రేకుల పువ్వును సంచిలో పెట్టుకుంది. నర్సు పిల్ల అడిగింది.

"అయితే అక్కా, ఈ గుడ్డలో అవ్వ అల్లినవి ఏవి?"

మొదట్లో అల్లినవి కొన్ని ఉన్నాయి, చూపించాను. కానీ ఆమె అడిగింది అవి కావని నాకు తెలుసు. చూపు పోయినాక అల్లినవి. వాటిని ఒక్కటి కూడా మిగల్చకుండా విప్పింది ఈ చేతులే. ఒక్కటి తప్ప. నా వెంట తెచ్చుకున్న బిస్కెట్ల డబ్బా మూత తీసి, అందులోని అవ్వ సూదిని పక్కన పెట్టి, ఆ కొసరు పువ్వు ఆమె చేతిలో పెట్టాను. గుడ్డలోకి అక్కర్లేకపోయింది కాబట్టి నా సంచిలోనే ఉండిపోయిన పువ్వు అది.

ఆ పిల్ల అటూ ఇటూ తిప్పింది. "చానా వదులుగా ఉంది కదక్కా. కుట్లు తప్పినయి. ఈడ గొలుసు జారింది."

"కళ్ళు మూసుకుని చూడు," అన్నాను.

మూసుకుంది. బొటనవేలు పువ్వు చుట్టూ బయల్దేరింది. పెదవులు కదులుతున్నాయి. ఒక చుట్టు తిరిగి ఆగింది, మళ్ళీ ఒక చుట్టు తిరిగింది. కళ్ళు తెరవకుండానే పక్కావిడకు అందించింది. ఆమె కూడా కళ్ళు మూసుకుంది.

విప్పేటప్పుడు నేను ప్రతి పువ్వుకూ లెక్కపెట్టేదాన్ని. కుట్లు తప్పాయి, గొలుసులు జారాయి, సందులు పడ్డాయి. ఆ లెక్క మాత్రం అవ్వకు ఒక్కనాడూ తప్పలేదు. ఆ రోజు చాప మీద, ఆమె ఏళ్ళు గూడా పోయినయి అంటున్నప్పుడు, ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఏడు రేకులదాన్ని తీసేసి ఇది పెడదామా అక్కా అని ఎవరో అడిగారు. వద్దన్నాను. అవ్వ ఉండనీమంది. ఇంతకాలం ఆమె పేరు మీద ఉంది, ఇకనుంచి నా పేరు మీద ఉంటుంది.

పువ్వు తొమ్మిదిమంది చేతులూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎనిమిది. ఈ అంకెను మాత్రం దయచేసి దేనితోనూ భాగించకండి.